గోరువెచ్చని నీళ్ళు

పోయినవారం మిమ్మల్ని బడి గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాను. మనసులో పెట్టుకోకండి. అక్కణ్ణుంచే మళ్ళీ మొదలుపెడుతున్నాను.

మా ఊళ్ళో కలరా మొదలై అది మూడోవారం. బడిని ఆసుపత్రి చేసేశారు. నా ఉద్యోగం మందులిచ్చేదీ కాదు, సూదులు పొడిచేదీ కాదు. ఇల్లిల్లూ తిరిగి నీళ్ళెలా కాచుకోవాలో, చేతులెప్పుడు కడుక్కోవాలో చెప్పేది. కాగితం మీద ఆరోగ్య బోధకురాలిని, వీధిలో నీళ్ళ టీచరమ్మని. నా వంతుకి వచ్చిన వీధిలో ముప్పైయొక్క ఇళ్ళు, చాలావరకు మిల్లు పనివాళ్ళవి, ఒకటే కుళాయి. మొదటిరోజు ముప్పై ఇళ్ళవాళ్ళు తలుపు నా మొహానే వేశారు. ముప్పైయొకటో ఇంట్లో కుట్టుమిషన్ మీద బతికే పెద్దావిడ మాత్రం తీసింది. ఆవిణ్ణి అందరూ మిషనమ్మ అంటారు. ఆవిడ కూర్చోబెట్టి నా మాట వింది కాబట్టి మిగతా ముప్పై ఇళ్ళూ విన్నాయి. వినడమంటే మామూలుగా కాదు, నా పాఠాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

అలాంటి మిషనమ్మ మనవరాలిని, ఏడేళ్ళ పిల్లని, ఆవేళ పొద్దున్నే ఆటోలో తెచ్చి బడిలో మంచం మీద పడుకోబెట్టారు. వెనకాలే ఆటో దిగి వచ్చిన పిల్ల తల్లి, అంటే మిషనమ్మ కోడలు, నా చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట అంది. "మీరు చెప్పినట్టే చేశాం కదమ్మా!"

మనం ఆగింది ఆ మాట దగ్గర.

 ఆ పిల్ల అసలు పేరు ఏమిటో నాకిప్పటికీ తెలీదు, వీధంతా బొత్తాం అంటుంది. వాళ్ళ నాయనమ్మ కుడుతుంటే బొత్తాల డబ్బా ముందేసుకుని రంగులవారీగా ఏరిపెట్టేది. నేను కుళాయి దగ్గర మైకులో పాఠం చెబుతున్నప్పుడు ముందు వరసలో కూర్చుని, నాకంటే ముందే తర్వాతి మాట చెప్పేసేది. అలాంటి పిల్ల కళ్ళు లోపలికి పోయి, పెదాలు ఎండిపోయి, చెయ్యి ఎత్తితే ఎత్తినట్టే పడిపోతోంది. కిటికీ ఊచకి కట్టిన సెలైన్ సీసా కింద ఆ చెయ్యి మరీ చిన్నదిగా కనిపించింది. నర్సు రెండోసారికి నరం దొరకబుచ్చుకుంది. నేను బయటికి వచ్చేశాను.

హెడ్మాస్టరు గదిలో పెద్ద డాక్టరమ్మ కూర్చుంటుంది. గోడకి ఊరి పటం, దాని మీద ఎర్ర చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో రోగి. ఆవిడ పెన్ను పట్టుకుని నా వీధి మీద ఇంకో చుక్క పెట్టింది.

"సోమవారం నుంచి మీ వీధిలో ఇది పదోది," అంది. "చుట్టుపక్కల అయిదు వీధుల్లో కలిపి నాలుగు. అందరిదీ ఒకే గొట్టం, అవే నీళ్ళు."

"వాళ్ళకి క్లోరిన్ చుక్కల సీసాలు అందాయి మేడమ్. మా వీధి వచ్చేసరికి సరుకైపోయింది. అందుకే కాచుకోమని చెప్పాను."

"కాస్తే చాలు, చుక్కలు అక్కర్లేదు. కాయడం లేదేమో."

"కాస్తున్నారు."

"కాస్తున్నామని చెబుతున్నారు," అంది ఆవిడ. "మీరు చూశారా?"

నా చేతిలో రిజిస్టరు ఉంది. ముప్పైయొక్క ఇళ్ళు, రోజుకో టిక్కు. 'నీళ్ళు కాచి తాగుతున్నారా?' అని అడగడం, 'ఆఁ' అనిపించుకోవడం, టిక్కు పెట్టుకోవడం. పందొమ్మిది రోజులు అదే చేశాను. ఒక్కరోజు కూడా ఒక్క ఇంట్లోనూ పొయ్యి పక్కన కూర్చోలేదు. నీళ్ళు కాయడం చూసేదేముంది, ఎవరికి రాదు కనక? అదీ నా తెలివి. ఆ తెలివిని తల్చుకుంటే ఇప్పటికీ నా చెవులు నేనే మెలిపెట్టుకోవాలనిపిస్తుంది.

"వెళ్ళి చూసొస్తాను," అన్నాను.

నన్ను తీసుకెళ్ళింది మైకు బాబాయి. ఆటో మీద రెండు గొట్టాలు బిగించి, చేతులు కడుక్కోండహో అని ఊరంతా చెవులు చిల్లులు పడేలా చెప్పే మనిషి. మామూలుగా దారిపొడుగునా నన్ను ఆటపట్టిస్తాడు. ఆరోజు మూల మలుపు తిరిగేదాకా నోరు విప్పలేదు.

"అమ్మాయ్, పొద్దున పిల్లని నేనే తీసుకొచ్చాను కదా. ఆటోలోనే మిషనమ్మ కోడలిని ఉతికి ఆరేసింది. మంచం దగ్గర కూడా, పదిమందీ చూస్తుండగా. నువ్వప్పుడు నర్సుకోసం వెళ్ళావు."

"ఎందుకట?"

"పిల్లకి పచ్చినీళ్ళు పట్టించిందట. లేకపోతే టీచరమ్మ చెప్పినట్టు చేసిన ఇంట్లోకి జబ్బెలా వస్తుందని ఒంటికాలి మీద లేచింది. పిల్ల కోలుకున్నాక నీ దారి నువ్వు చూసుకో అనేసింది. ఆ అమ్మాయి నోరెత్తలేదు. కొడుకు చూస్తే ఎక్కడో ఓడల మీద పనాయె, అడ్డు చెప్పేవాళ్ళెవరున్నారు?"

ఆ మాట నాలో ఎక్కడో గుచ్చుకుంది. కాని అప్పటికింకా నాకేమీ తెలీదు. కోడలు నిజంగానే తొందరలో పచ్చినీళ్ళు పట్టించిందేమో అని నేనూ అనుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, అలా అయితే బావుండునని కూడా అనుకున్నాను.

మిషనమ్మ ఇంట్లో మిషన్ ఆగి ఉంది. సూది కింద సగం కుట్టిన తెల్ల దుప్పటి. ఆసుపత్రికోసం ఊరికే కుట్టిపెడుతోంది ఆవిడ, అప్పటికి అరవై కుట్టింది. ఆవిడ మాత్రం బడి నుంచి తిరిగొచ్చి పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

"వచ్చావా టీచరమ్మా, మంచిపనైంది. పిల్లకి నీళ్ళు పంపిస్తున్నాను, పట్టుకెళ్ళు. అక్కడ ఎవరు కాచారో, ఎలా కాచారో. నా చేత్తో కాచినవైతే నాకు ధైర్యం."

"కాచండి పెద్దమ్మా, నేనిక్కడే కూర్చుంటాను," అన్నాను.

కూర్చుని చూశాను. మిషన్ మీదున్న గడియారం తెచ్చి పొయ్యి గట్టున పెట్టింది. నీళ్ళు తెర్లడం మొదలెట్టాక అయిదు నిమిషాలని చెప్పాను నేను, ఆవిడ ఏడు నిమిషాలుంచింది. మూత మీద చెయ్యి పెట్టబోయి, ఆగి, వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. సీసాని మరిగిన నీళ్ళతోనే కడిగింది. నేను చెప్పిన పాఠంలో అక్షరం పొల్లుపోలేదు. ఇంత చక్కగా చేసే మనిషి ఇంట్లోకి జబ్బు ఎలా వచ్చిందబ్బా అని నా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను.

అప్పుడావిడ గిన్నె దించింది. మూత తీసింది. మూలనున్న కుళాయినీళ్ళ బిందెలో చెంబు ముంచి, రెండు చెంబులు ఆ గిన్నెలో పోసింది. శుభ్రంగా కడిగిన చిటికెనవేలు ముంచి చూసింది. ఇంకో అరచెంబు పోసింది.

"ఇదిగో, సరిగ్గా గోరువెచ్చన," అంది. "నువ్వు చెప్పినట్టే."

నేను లేచి గిన్నె దగ్గరికి వెళ్ళాను.

"పెద్దమ్మా... ఆ నీళ్ళెందుకు పోశారు?"

"ఎందుకేమిటి? గోరువెచ్చగా అయ్యాక తాగండి అన్నావు కదా. అవి వాటంతటవి చల్లారాలంటే గంటన్నర. మిల్లు సైరన్ మాకోసం ఆగుతుందా? వీధిలో అందరం ఇలాగే చేస్తాం. స్నానానికి కలుపుకునేది ఇలాగే కదా."

నా సంచీలో పాఠం చెప్పే అట్టలున్నాయి. నాలుగు బొమ్మలు. ఒకదానిలో పొయ్యి మీద గిన్నె, రెండోదానిలో తెర్లుతున్న నీళ్ళు, మూడోదానిలో గ్లాసు, నాలుగోదానిలో నవ్వుతున్న పిల్ల. రెండోదానికీ మూడోదానికీ మధ్య గిన్నె ఏమవుతుందో బొమ్మ లేదు. నేనూ చెప్పలేదు. మూతపెట్టి వదిలేయాలని వాళ్ళకి తెలుసుననుకున్నాను. కాచినదాంట్లో పచ్చినీళ్ళు కలిపితే కాచినట్టా అని ఎవరైనా అడిగితే ఈ వీధిలో చంటిపిల్ల కూడా కాదంటుంది. కాని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, ఎందుకంటే వాళ్ళు ఆలోచించడం మానేసి నన్ను నమ్మారు. ముప్పైయొక్క ఇళ్ళు కట్టెలు తగలేసి, గడియారాలు చూసుకుని, తు.చ. తప్పకుండా జబ్బు తాగాయి.

ఆ నీళ్ళు నింపిన సీసా ఆవిడ చేతిలోంచి తీసుకున్నాను. "ఇవి నేను పట్టుకెళతాను" అంటూ బయటికొచ్చి, ఆటో వెనక్కి వెళ్ళి, మట్టిలో వంపేశాను. తర్వాత డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

విన్నాక ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. "దొరికింది కదా. బతికిపోయాం. ఇప్పుడు నేను చెప్పేది వినండి. ఇవాళ్టినుంచి కొత్త పద్ధతి అని చెప్పండి. కాచాక మూతపెట్టి చల్లార్చాలి, పైనీళ్ళు కలపకూడదు. అంతే. పాతది తప్పని చెప్పకండి."

"మేడమ్..."

"మీకోసం కాదమ్మా చెప్పేది. మనం తప్పు చెప్పామని తెలిస్తే రేపు సెలైన్ అన్నా నమ్మరు, టీకా అన్నా నమ్మరు. జబ్బు మొదలైనవాళ్ళని ఇంట్లోనే దాచుకుంటారు. అప్పుడెంతమంది పోతారో మీకు తెలుసు."

ఆవిడ చెడ్డమనిషి కాదు. మూడు వారాలుగా బెంచీల మీద నిద్రపోతోంది. ఆవిడ చెప్పినదాంట్లో న్యాయం ఉంది. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను, ఆ సలహా నా చెవికి చాలా తియ్యగా ఉంది. కొత్త పద్ధతి! ఎంత చక్కని మాట. ఎవరి తప్పూ ఉండదు. నా రిజిస్టరు, నా టిక్కులు, నా పేరు అన్నీ భద్రంగా ఉంటాయి. లోపలికి వెళుతూ ఆ మాటే రెండుసార్లు నోట్లో అనుకుని చూసుకున్నాను.

మిషనమ్మ గుమ్మంలోనే ఉంది. నేను నీళ్ళు పారబోయడం చూసింది.

"ఎందుకు వంపేశావు?"

"పెద్దమ్మా, ఇవాళ్టినుంచి కొత్త..." అని మొదలుపెట్టాను.

"అవి దానికి పనికిరావా? నేను కాచినవే కదా!" అని, ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించింది. "నాకు తెలుసులే. మీ డాక్టర్లు ఈ ఇంటి నీళ్ళే నమ్మరు ఇక. నా కోడలు చేసిన పని అలాంటిది. పసిదానికి పచ్చినీళ్ళు పోసింది. తల్లే, కాదనను, కాని బద్ధకం. రేపు పిల్ల లేస్తే నేనే పెంచుకుంటాను. దాన్ని మాత్రం గడప తొక్కనివ్వను."

ఆ మాటతో నా కొత్త పద్ధతి గొంతులోనే ఉండిపోయింది. నేను నోరు మూసుకుంటే నా తప్పు ఎక్కడికీ పోదు. బడిలో ఆ మంచం పక్కన కూర్చుని, పిల్ల పెదాలు చెంచాతో తడుపుతున్న ఆ అమ్మాయి నెత్తిన కూర్చుంటుంది. బతికినంతకాలం కూర్చుంటుంది. బిడ్డకి జబ్బు తాగించిన తల్లి అనిపించుకుని, ఇల్లు పోగొట్టుకుని, ఆఖరికి తనే నిజంగా చేశానేమో అనుకుంటుంది.

"కోడలి తప్పు కాదు పెద్దమ్మా," అన్నాను. "మీదీ కాదు. నాది."

చెప్పేశాను. అట్టలు తీసి చూపించాను. ఏ బొమ్మ లేదో చూపించాను. రెండున్నర చెంబుల నీళ్ళు ఏంచేశాయో చెప్పాను. పందొమ్మిది రోజులు ఒక్కపూటైనా చూడకుండా టిక్కులు పెట్టానని కూడా చెప్పాను. అది చెప్పకపోయినా ఆవిడకి తెలిసేది కాదు.

మిషనమ్మ వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది. చక్రం మీద చెయ్యి వేసింది, తిప్పలేదు. 

"అంటే నా చేత్తోనే పట్టించాను దానికి," అంది చివరికి. "కోడల్ని అన్ని మాటలన్నాను. పట్టించింది నేను."

"నేను చెబితేనే కదా..."

"నోరు ముయ్యి. నీది నీకుంది, నాది నాకుంది." అప్పుడు చూసింది నావైపు. నేను ఎదురుచూసిన కోపం ఉంది, అంతా ఉంది. "నలభై ఏళ్ళుగా కుడుతున్నాను. కొలత తప్పితే గుడ్డ తిరిగి తెస్తారు. విప్పి కుడతాను. పసిదాని ప్రాణం విప్పి కుట్టేదా టీచరమ్మా?"

అట్టలు ఒక్కొక్కటే ఏరి పట్టుకుని నిలబడ్డాను.

"ఇప్పుడేం చేద్దామని వచ్చావు?"

డాక్టరమ్మ సలహా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడకి ఇక ఏదీ దాచదల్చుకోలేదు. మిషనమ్మ తల అడ్డంగా ఊపింది.

"పాత కుట్టు విప్పకుండా దానిమీద ఇంకో కుట్టు వేయమంటోందా? చూడ్డానికి బానే ఉంటుంది. తొడుక్కుంటే తెలుస్తుంది. ఇక్కడ ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఎవరో ఒకరిని తిడుతున్నారు, తెలుసా నీకు? ఎదురింటాయన తల్లి మీద విరుచుకుపడుతున్నాడు. చివరింటి వదినా మరదళ్ళు మాటలు మానేశారు. అంతా కాచే తాగుతున్నారు మరి, జబ్బొస్తే ఎవరో ఒకరిది తప్పు కావాలి కదా! ముందు విప్పు. తర్వాత కుట్టుకుందాం. పద, పదకొండయింది, కుళాయి వస్తుంది."

కుళాయి దగ్గర అప్పటికే పాతికమంది ఉన్నారు. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మగవాళ్ళు కొందరు గుమ్మాల్లో కూర్చుని ఉన్నారు. నేను గొంతు సవరించుకుంటుంటే మిషనమ్మ ఆటోవైపు చెయ్యి ఊపింది.

"ఆ మైకిలా తే. ఇంట్లో పడుకున్నవాళ్ళకి కూడా వినపడాలి."

"మైకెందుకు పెద్దమ్మా," అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

"పాఠం మైకులో చెప్పినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?"

మైకు బాబాయి మైకు నా చేతికిచ్చి, చల్లగా ఆటో అవతలికి తప్పుకున్నాడు. నా తప్పుని నేనే, రెండు గొట్టాలలోంచి, వీధి చివరిదాకా వినిపించేలా చెప్పాను. అంతకంటే బిగ్గరగా నా జీవితంలో ఏదీ చెప్పలేదు. చెబుతుంటే ఒక్కో ఇంట్లోంచి ఒక్కో మనిషి బయటికి వచ్చారు.

అయిపోయేసరికి కుళాయి కింద బిందె నిండి పొర్లుతుంటే ఆపేవాళ్ళు లేరు. మిషనమ్మ పక్కింటావిడ, మొగుణ్ణి అయిదు రోజులు ఆసుపత్రిలో పెట్టుకుని బతికించుకున్న మనిషి, నా దగ్గరికి వచ్చింది.

"నీకు నేను రోజూ మనసులో దండం పెట్టుకుంటున్నాను," అంది. ఇంకేమీ అనలేదు. ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు ఆ రోజు మళ్ళీ తెరుచుకోలేదు. ఎవరైనా నన్ను తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

గుమ్మంలో కూర్చున్న మిల్లు మనిషి ఒకాయన లేచాడు. "సరే టీచరమ్మా, తెలిసింది. చల్లార్చుకునే తాగాలి. నేను షిఫ్టు నుంచి వచ్చి, తిని, పడుకుని, మళ్ళీ సైరన్‌కి లేవాలి. మా ఆవిడ అవతలి షిఫ్టు. గంటన్నర చల్లారేదాకా గిన్నెకి కాపలా ఎవరుంటారు? పిల్లలు దాహమంటే ఏం పొయ్యను?"

మంచి ప్రశ్న. పందొమ్మిది రోజుల కిందట ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న.  మూతపెట్టి చల్లార్చండి అనడం వరకే నా పుస్తకం.

మిషనమ్మ ఇంట్లోకి వెళ్ళి గుడ్డలు నానబెట్టే పెద్ద పళ్ళెం లాంటి తొట్టి లాక్కొచ్చింది. కుళాయి కింద సగం నింపింది. ఎదురింటి పొయ్యి మీద అయిదు నిమిషాలు మరిగిన నీళ్ళ గిన్నెని గుడ్డతో పట్టుకొచ్చి, మూత తియ్యకుండా, అంచు పైకే ఉండేలా ఆ తొట్టిలో కూర్చోబెట్టింది. గిన్నె చుట్టూ తడిగుడ్డ చుట్టింది.

"పచ్చినీళ్ళు గిన్నె బయటే ఉండాలి, లోపలికి పోకూడదు," అంది అందరికీ. "బయటి నీళ్ళు వేడెక్కితే మార్చండి. ఎంతసేపు పడుతుందో చూద్దాం."

పదిహేను నిమిషాలు. వీధంతా గడియారం చుట్టూ చేరి చూసింది. మూత తీసి, కడిగిన గ్లాసులో వంపి మిల్లాయన చేతికిచ్చింది. ఆయన తాగి, "గోరువెచ్చన" అన్నాడు. ఎవరో నవ్వారు. 

నేను అట్ట తిరగేసి, మిషనమ్మ కొంగున ఉండే గుడ్డలు గీసే సుద్దముక్క అడిగి తీసుకుని, లేని బొమ్మ గీశాను. తొట్టి, తొట్టిలో గిన్నె, గిన్నె మీద మూత. నా బొమ్మ చూసి అది గిన్నెలా లేదు, టోపీలా ఉందన్నారు. ఇద్దరు ఆడవాళ్ళు సుద్ద లాక్కుని సరిచేశారు. ఆ తర్వాత నేను ఇల్లిల్లూ తిరిగాను, ఈసారి రిజిస్టరు ఆటోలో పడేసి. ప్రతి పొయ్యి దగ్గరా కూర్చున్నాను. ముప్పై ఇళ్ళలో కూర్చోనిచ్చారు.

ఆ ముప్పై ఇళ్ళకి నేనేమిచ్చి రుణం తీర్చుకోగలను? వాళ్ళ పిల్లలు నా మాట విని జబ్బుపడ్డారు. అయినా పీట వేశారు. ఒకావిడ నా మొహం చూసి, ముందు నువ్వు ఓ గ్లాసు తాగు, పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా అని అడిగింది. ఇరవై ఏళ్ళుగా జనానికి చెప్పడమే నా పని. వినిపించుకోవడం ఎంత పెద్ద సాయమో, తప్పు ఒప్పుకున్నవాళ్ళ మాట మళ్ళీ వినడం అంతకంటే ఎంత పెద్ద సాయమో నాకు నేర్పింది ఆ వీధి. ఈ కథ రాస్తున్నది కూడా సగం వాళ్ళకి చెప్పుకోలేని కృతజ్ఞత ఇలాగైనా చెప్పుకుందామనే.

మూడు దాటాక బడికి తిరిగొచ్చాం, నేనూ మిషనమ్మా. చేతిలో కొత్తగా కాచి, తొట్టిలో చల్లార్చిన నీళ్ళ సీసా. రెండు సీసాల సెలైన్ ఎక్కాక బొత్తాం కళ్ళు తెరిచింది. పెదాలకి తడి వచ్చింది. నర్సు నాడి చూసి, గండం గడిచిందమ్మా అంది.  ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆ నర్సుకీ, ఆ సీసాకీ, ఆ కిటికీ ఊచకీ అన్నిటికీ కలిపి మనసులో దండం పెట్టుకున్నాను.

కోడలు అత్తగారిని చూసి లేచి నిలబడింది. తల వంచుకునే ఉంది.

మిషనమ్మ మంచాల వరస మొత్తానికీ వినిపించేలా మాట్లాడింది. "పొద్దున ఇక్కడే, ఇందరి ముందే నిన్ను నానా మాటలన్నాను. ఇప్పుడు కూడా ఇందరి ముందే అంటున్నాను. నీ తప్పు లేదు. నీళ్ళలో నీళ్ళు కలిపింది నేను. నీ ఇల్లు నీదే. నేనుండాలో పోవాలో నువ్వే చెప్పు."

ఆ అమ్మాయి ఏమేమి మాటలు మింగుకుందో ఏమో, చివరికి స్టూలు ముందుకి జరిపింది. "కూర్చోండత్తయ్యా. పొద్దుట్నుంచి నిలబడే ఉంటారు మీరు."

బొత్తాం గొంతు లేకుండా అడిగింది. "నాయనమ్మా, నా బొత్తాల డబ్బా ఎవరైనా కలిపేశారా?"

"ఎవరూ ముట్టుకోలేదే తల్లీ," అంది మిషనమ్మ. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పెద్ద డాక్టరమ్మ వరసల మధ్యలోంచి నా దగ్గరికి వచ్చింది. సంగతి అప్పటికే తెలిసినట్టుంది. మైకులో చెప్పాక తెలియకుండా ఎలా ఉంటుంది?

"చెప్పొద్దన్నాను కదా!"

"చెప్పేశాను మేడమ్."

"ఎన్ని తలుపులు మూసుకున్నాయి?"

"ఒకటి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నేను ముప్పై అనుకున్నాను," అంది మెల్లగా. "నాదే పొరపాటు. మంచిపని చేశారు." పైవాళ్ళ నోట అలాంటి మాట వినడం నాకు అలవాటు లేదు. సంచీ సర్దుకున్నాను.

అంతలో ఏటి రేవు నుంచి ఒక మనిషి చీటీ పట్టుకొచ్చి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. నావైపు చూసింది.

"ఏటి అవతల. నిన్నటిదాకా అక్కడ సున్నా," అంది. "ఇవాళ ఒక్కపూటలో ఇరవైమూడు."

"చుక్కల సీసాలు..." అన్నాను.

"అక్కడికీ అందలేదు. కాచుకుంటున్నారు. అందరూ కాచే తాగుతున్నారని రాశారు."

మిషనమ్మ స్టూలు మీంచి తల తిప్పి నన్ను చూసింది.

"టీచరమ్మా, ఈ పాఠం మా వీధిలోనే చెప్పావా? ఇంకెక్కడైనా చెప్పావా?"

పది రోజుల కిందట, ఏటి అవతలికి వెళ్ళబోయే నలభైమంది కొత్త కార్యకర్తలని ఇదే బడిలో, అప్పటికింకా మంచాలు వేయని ఇదే గదిలో నా ముందు కూర్చోబెట్టారు. మిషనమ్మ వీధిలో నా పాఠం బాగా పనిచేస్తోందని పేరొచ్చింది కాబట్టి నేర్పే పని నాకే అప్పగించారు. అవే నాలుగు బొమ్మలు. మూడు గంటలు చెప్పాను. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. ఒక్కొక్కరికీ ముప్పై ఇళ్ళు.

నేను నోరు తెరిచేలోపే నా మొహం చెప్పేసినట్టుంది.

"ఫోన్ చెయ్యండి మేడమ్," అన్నాను.

"అవతలి ఒడ్డున నిన్నటి నుంచి ఫోన్లు పలకడం లేదు."

మిషనమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కోడలివైపు చూసింది. ఆ అమ్మాయి నీళ్ళ సీసా అత్తగారి చేతిలోంచి తీసుకుని, "వెళ్ళండత్తయ్యా, నేనున్నాగా," అంది.

మిషనమ్మ లేచి చెప్పులు తొడుక్కుంది.

"పడవ ఎన్నింటికి?" అని అడిగింది.